బర్రెల హౌజులో ముత్యాలు

జులై 8, 2024

హౌజు నాదే! పెరట్లో బర్రెలు నీళ్లు తాగే హౌజును అత్తమ్మ నా ముత్యాల గుల్లల పెంపకానికి ఇచ్చేసింది. ఊరికే ఇవ్వలేదు. వచ్చే ఏడాది దీపావళి దాకా చూస్తదంట. అప్పటికి ముత్యం కనబడకపోతే గుల్లలన్నీ కాల్వల పారబోస్తదంట, మళ్ల గా పేరు ఎత్తొద్దంట. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాను.

జులై 12

ముత్యాల పెంపకం ట్రైనింగ్‌లో మాకు నేర్పే లిడియా మేడం మూడు రకాల ముత్యాలూ నా అరచేతిలో పోసింది! పెంకుకూ మాంసానికీ మధ్య అచ్చు పెడితే దాని మీద మెరుపు పొర కట్టి బొమ్మ ముత్యం వస్తుంది. మాంసం పొరలో వేరే గుల్ల మాంసం ముక్క దూరిస్తే చిన్నది, వంకరటింకరది. కడుపులో పూస పెడితే గుండ్రటిది, కానీ గుల్లలు ఎక్కువ చచ్చేది అందులోనే. సముద్రం ముత్యాల సంగతి అడిగితే, సిద్దిపేటలో ఉప్పునీళ్లు ఎక్కడ తెస్తావని నవ్వింది. నేను మూడూ పెడతా. ఆశకు అంతుండాలంటారు, నాకు లేదు.

జులై 19

నలభై గుల్లలకు ఆపరేషన్ చేశాను. నేనే! బొమ్మ ముత్యాలకు కొమురవెల్లి మల్లన్న అచ్చులు తెప్పించాను, అత్తమ్మ ఖుషీ అవుతుందని. ఆమె పక్కనే పీట వేసుకుని కూర్చుంది. దేవుని మొకం మాంసానికి ఆనియ్యకు, పాపం తగుల్తదంది. మేడమేమో మొహం మాంసం వైపే ఉండాలంది. హౌజు ఇచ్చింది అత్తమ్మ కదా. మొహాలన్నీ పెంకు వైపు తిప్పాను.

ఆగస్టు 2

తొమ్మిది చచ్చాయి. ఒకటే కంపు.

మే 4, 2025

ఎండలకు ఇంకో పదమూడు. పూస పెట్టినవి ఒక్కటీ మిగల్లేదు. గుండ్రటి ముత్యం ఆశ పోయింది. కాసేపు ఏడ్చి, హౌజు మీద తడి గోనెసంచులు కప్పాను.

అక్టోబర్ 19, ఉదయం 6

రేపే దీపావళి. ఇవాళే కోస్తాను. చేతులు ఆగట్లేదు!

అదే రోజు, 9 గంటలు

మొదటి గుల్లలోనే ముత్యం! వంకరది, మినపగింజంత, లేత గులాబీ రంగు. నా అరుపుకు బర్రెలు బెదిరాయి.

తర్వాత మల్లన్న గుల్లలు, మిగిలినవి ఎనిమిది. నున్నగా, ఉబ్బెత్తుగా, తళతళమంటూ. మొహం లేదు. ఎనిమిదీ అంతే. పొర కట్టేది మాంసమే కదా, దేవుడి వీపుకు కట్టింది! నవ్వు, ఏడుపు, కోపం ఒక్కసారే వచ్చాయి. అత్తమ్మ ఒక్కో పెంకునూ తిప్పి తిప్పి చూసి, నా దేవుడేడే అంది. నువ్వే అటు తిప్పించావు అనేశాను. పెళ్లయిన ఆరేళ్లలో ఆమెకు ఎదురు చెప్పడం ఇదే మొదలు. ముత్యమైతే వచ్చింది కదా అని కూడా అన్నాను. ఆమె లోపలికి పోయింది. హౌజు సంగతి తేలలేదు.

అక్టోబర్ 20

పొద్దున లేచేసరికి, ఇన్నాళ్లూ బకెట్లలో తాగిన బర్రెలు ప్లాస్టిక్ డ్రమ్ము కోసిన తొట్టిలో నీళ్లు తాగుతున్నాయి. అత్తమ్మే తెప్పించిందట. నన్ను హౌజు కాడికి పిలిచింది. దేవుడు ఎటు జూడాల్నో ఇగ నువ్వే జెప్పు అంది.