పిట్టలు తిన్న కంకులు

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ ఉత్తరం నీకు చేరదని తెలిసే రాస్తున్నాను.

విషం చల్లకుండా, కరెంటు తీగ పెట్టకుండా, పిట్టలకింత వదిలి పండించిన జొన్నలకు కేసముద్రం మార్కెట్ కంటే ఎక్కువ ధర ఇస్తామంటూ కొనేవాళ్లు ఈ ఏడు మన చేనుకొచ్చారు. అమ్మ నిండు కంకులు ఏరి తెస్తే, వచ్చినామె వాటిని పక్కన పెట్టి "పిట్టలు తిన్నయి చూపియ్యమ్మా" అంది.

పిట్టల మీదికి రాళ్లు విసిరే వడిసెల పక్కన పడేసి, మంచె మీద పిట్టల్ని చూస్తూ కూర్చునే నిన్ను చూసి నవ్విన మల్లయ్య మామ, "మీ బాపుకు గీ ధర సంగతి ముందే ఎరుకున్నట్టుంది బిడ్డా!" అన్నాడు. నాకు కోపమొచ్చింది. ధర సంగతి నీకేం తెలుసు? వాటిని కొట్టడానికి నీకు చెయ్యి రాలేదు, అంతే.

పంటంతా వాళ్లకే అమ్మాం. కోతనాడు మాత్రం, పిట్టల్ని తోలవని నిన్ను రోజూ తిట్టిన అమ్మే మంచె పక్క సాలు కోయనివ్వలేదు.