నోరెత్తని బడ్జెట్

ఫిబ్రవరి 18, 2014. సాయంత్రం

మా కొండాపూర్ అపార్ట్‌మెంట్ సగం క్లబ్‌హౌస్ టీవీ ముందే ఉంది. లోక్‌సభలో తెలంగాణ బిల్లు. సరిగ్గా అసలు సమయానికి బొమ్మ పోయింది. కేబుల్ బాక్సు పక్కన మా అసోసియేషన్ సెక్రటరీ, కడపాయన రంగనాథ్ నిలబడి ఉన్నాడు. బి బ్లాక్ యాదగిరి లేచి, వైరు గుంజినవా ఏంది, గింత కడుపుమంటనా అన్నాడు. రంగనాథ్, నాకేం పన్లేదనుకున్యావా అని మీదికెళ్లాడు. తర్వాతి మాటలు రాయను.

ఫిబ్రవరి 19

ప్రసారం దేశమంతా ఆగిందని పేపర్లో వచ్చింది. ఇద్దరికీ చూపించాను. ఇద్దరూ చదివారు. ఇద్దరూ సారీ చెప్పలేదు.

మార్చి 16. ఆదివారం

బడ్జెట్ మీటింగ్. అరవై ఫ్లాట్లకు ముప్పై ఒక్కరు వస్తేనే కోరం. బి బ్లాక్ బాయ్‌కాట్. ఆ సెక్రటరీ ముందట మేం నోరు విప్పం, మీరే చేస్కోన్రి అని యాదగిరి కబురు. వచ్చినవాళ్లు ఇరవై ఇద్దరు. టీ తాగి వెళ్లారు.

మార్చి 17

లీదియా వచ్చింది. మా ఫ్లాట్లలో పనిచేసే ఆడవాళ్ల పిల్లలకు సెల్లార్‌లో బాల్వాడీ నడుపుతుంది. జీతం, పిల్లల పాలు అన్నీ అసోసియేషన్ డబ్బే. ఇస్సాకు తాతగారూ, ఒకటో తారీఖు నుంచి పిల్లల్ని రావద్దని చెప్పెయ్యమంటారా అండీ అని అడిగింది. ప్రెసిడెంటును నేను. ఇంకెవరూ ఒప్పుకోకపోతే అయ్యాను. మార్చి 31 దాటితే సభ ఆమోదం లేకుండా పైసా తీయకూడదని మా రూలు. బాల్వాడీ మూస్తే పంతొమ్మిది మంది పిల్లలూ పక్క సైట్లో ఇసుక కుప్పల మీద, లారీల మధ్య ఆడుకుంటారు.

మార్చి 22. తెల్లవారుజామున

నిద్ర పట్టలేదు. పట్టకపోవడమే మంచిదైంది.

నేను చదివింది ఏడో తరగతి. మిగతా చదువంతా కండక్టరుగా మియాపూర్ బస్సుల్లో, ప్యాసింజర్లు వదిలేసిన పేపర్లలో. ఫిబ్రవరి పేపర్లు మరీ ఇష్టం. చలికాలానికి ముందే ఢిల్లీలో ప్రతి శాఖా తనకెంత కావాలో రాసిస్తుంది. ఆర్థిక శాఖ కత్తిరిస్తుంది. మిగిలింది సభలో పెడతారు. అక్కడ ఒక్కో శాఖ పద్దునూ చర్చించి ఓటు వెయ్యాలి. చర్చకు టైం చాలకపోతే మిగిలినవన్నీ ఒకే దెబ్బకు ఓటుకు పెడతారు. దానికి తలలు నరికే యంత్రం పేరే పెట్టారు, గిలెటిన్ అని. నాకు భలే నచ్చింది. ఒకసారి దాన్ని తలుచుకుంటూ చందానగర్‌లో దిగాల్సిన ప్యాసింజర్ని పటాన్‌చెరు దాకా మోసుకుపోయాను. పై దూరానికి టికెట్ అడగలేదు. తిట్లు తిన్నాను.

అసలు సంగతి ఇది. బడ్జెట్ మొత్తం తేలేలోపు ప్రభుత్వం ఆగిపోకూడదు కదా. అందుకని కొన్ని నెలల ఖర్చుకు మాత్రం సభ ముందుగా ఒప్పుకుంటుంది. ఓట్ ఆన్ అకౌంట్. మామూలుగా పెద్ద చర్చ ఉండదు. ఎన్నికలు ముంచుకొస్తున్నాయని ఈసారి ఢిల్లీ కూడా అంతే చేసింది.

చర్చ ఉండదు! మాకు కావాల్సింది అదే!

మార్చి 24

యాదగిరి ఇంటికి వెళ్లాను. రెండు నెలల ఖర్చుకే, మాట్లాడేది లేదు, చెయ్యెత్తడమే అన్నాను. కొట్లాట మేలో పెట్టుకోమన్నాను. కొట్లాట పక్కానా తాతా అని రెండుసార్లు అడిగాడు. పక్కా అన్నాను. చెయ్యి లేపుడే అయితే వస్తం అన్నాడు. రంగనాథ్ మాత్రం, వాళ్లు నోరు మూసుకోని కుచ్చుంటారా సార్, నేను నమ్మను అన్నాడు. అయినా సరేనన్నాడు.

మార్చి 30. ఆదివారం

పదింటికి ఇరవై తొమ్మిది మంది. పదీ పదికీ అంతే. కోరానికి ఇంకా ఇద్దరు తక్కువ. అప్పుడు బి బ్లాక్ మెట్లు దిగింది, యాదగిరి ముందు, వెనక పద్నాలుగు మంది. నలభై నాలుగు!

కాగితం చదివాను. ఏప్రిల్, మే ఖర్చు, బాల్వాడీతో సహా. ముందు వరసలోంచి శారదమ్మ అనే ఆవిడ లేచి, ఒక్క మాటండీ అంది. మాట్లాడకు, మాట్లాడొద్దు అని రెండు గొంతులు ఒకేసారి లేచాయి. ఒకటి రంగనాథ్‌ది, ఒకటి యాదగిరిది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. రంగనాథ్ ముందు నవ్వాడు. లేదు, యాదగిరే ముందు. శారదమ్మ కూర్చుంది. అందరికంటే ముందు చెయ్యెత్తింది కూడా ఆవిడే.

నలభై నాలుగు చేతులు. ఏడు నిమిషాలు. పార్లమెంటు నా దగ్గరికొచ్చి నేర్చుకోవాలి!

ఏప్రిల్ 1. ఉదయం తొమ్మిది

లీదియా తాళం తీసింది. నన్నూ చాప మీద కూర్చోబెట్టి హాజరు పిలిచింది. పంతొమ్మిది మంది అయ్యాక, ఇస్సాకు అంది.

పలికాను.