అమ్మ తరఫున

హైఫా,
బుధవారం

ఎల్కానా అన్నయ్యా,

అమ్మతో విసిగిపోయి ఆమెను వదిలించుకోవాలని చూస్తున్నానని బ్నై బ్రాక్‌లో చుట్టాలందరికీ చెప్పావట. యూనివర్సిటీ చదువు నా మనసును రాయి చేసిందని కూడా అన్నావట. ప్రతి శుక్రవారం మధ్యాహ్నమయ్యేసరికి నేనింకా ఫోన్ వంకే చూస్తున్నాను. సబ్బాతు దీపాలు వెలిగించే ముందు "తిన్నావా, నాస్తికురాలా?" అని అడిగే అమ్మ గొంతు కోసం. అది ఆగి ఐదు వారాలైంది.

స్పృహ ఉన్న చివరి రోజు, డయాలసిస్ మంచం మీదే, అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "ఇక చాలే. ఈ యంత్రానికి నన్ను మళ్లీ కట్టనివ్వకు. మీ అన్నకు చెప్పావో, తన మత పార్టీ మొత్తాన్ని తెచ్చి నా మంచం చుట్టూ నిలబెడతాడు" అని నవ్వింది. తన తరఫున నిర్ణయించే హక్కు నాకు రాసిచ్చింది. నువ్వు నిజంగానే మీ పార్టీ ఎంపీ చేత ఆసుపత్రికి ఫోన్ చేయించావు. డాక్టర్లు జంకారు. నేనూ ఊరుకున్నాను, ఇంకొక్కసారి పిలుస్తుందేమోనన్న ఆశతో.

నిన్న నీకు ధర్మశాస్త్రం నేర్పిన మీ గురువుగారి దగ్గరికే వెళ్లాను. "నడుస్తున్న యంత్రాన్ని ఆపకూడదు, తల్లీ. ఆగినదాన్ని మళ్లీ మొదలుపెట్టకపోవడం వేరు. మీ అన్నకు ఈ పాఠం నేనే చెప్పాను. ఆ రోజు కునికిపాట్లు పడి ఉంటాడు" అన్నారాయన.

రేపటి డయాలసిస్ పూర్తిగా జరగనిస్తాను. అది ముగిసి యంత్రం ఆగాక, ఆదివారం మళ్లీ మొదలుపెట్టవద్దని సంతకం చేసి ఇచ్చాను.

నీ చెల్లెలు