పాలెం బడిలో మొదటి ముద్ద

లావణ్యా,

ఎలా ఉన్నావని అడగడానికి నోరు రావడం లేదు గానీ, అడుగుతున్నా... ఎలా ఉన్నావు? ఆ పాడు జ్వరం నిన్ను తీసుకుపోయి మొన్న అమావాస్యకు ఏడు నెలలైంది. అత్త కోడలికి ఉత్తరం రాయడమేమిటని నవ్వుకుంటున్నావా? నవ్వుకో. చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరున్నారు? నీ మొగుడు పొద్దున్నే రొయ్యల గుంటలకు పోతే చీకటి పడ్డాకే రావడం. వచ్చినా మాట్లాడడు.

హాసిని గురించే రాస్తున్నా. నీ కూతురు తినడం మానేసింది. ముద్ద ఎత్తితే దేనికో కాచుకున్నట్టు నా మొహం చూస్తుంది... తర్వాత మూతి బిగించేస్తుంది. చేతులు పుల్లల్లా అయిపోయాయి. జబ్బేమీ లేదని ఇందుకూరుపేట డాక్టరన్నాడు. మూడేళ్లు నిండాయి గదా, నలుగురు పిల్లల్లో వదిలితే వాళ్లను చూసైనా తింటుందని అంగన్‌వాడీకి పంపాను.

ముందు మన ఊరి సెంటరుకే. గోడల నిండా బొమ్మలు... ఏనుగు, మామిడిపండు, రైలుబండి. టీచరు నోట్లో తేనె. ఎప్పుడడిగినా శుభ్రంగా తినిందనేది. పాప చేతికి గుడ్డు ఇచ్చి తీసిన ఫోటో కూడా ఫోన్లో చూపించింది. ఫోటోలో గుడ్డు చేతిలోనే ఉంది. నోట్లో ఉన్న ఫోటో ఏదీ?

ఇంటికొచ్చాక పాప చేతులు వాసన చూశాను. పప్పు వాసన లేదు, గుడ్డు వాసనా లేదు. చేతులు కడిగించామంది టీచరు. మరి సబ్బు వాసనేదీ? నువ్వుంటే అనేదానివి... "దేవుడి ప్రసాదమైనా వాసన చూడందే నోట్లో ఏసుకోరు గదత్తా మీరు" అని. అవును, నా బుద్ధి అంతే. వారం తిరక్కుండా అక్కడ మానిపించేశాను.

ఇక మిగిలింది కాలవ అవతల పాలెం సెంటరు. చేపలు పట్టేవాళ్ల పిల్లల్లో మన పిల్లేంటని ఇరుగుపొరుగు నొసలు చిట్లించారు. నాకదేమీ పట్టలేదని చెప్పను... కొంచెం పట్టింది. రేకుల గది, పెచ్చులూడిన గోడలు, లోపలిదాకా ఇసుక. ఒక్క బొమ్మ లేదు. పక్కనే ఆరేసిన వలల కంపు. ఇలాంటి చోట ఏం తింటుంది నా బంగారం అనుకుంటూనే వదిలాను.

అక్కడి టీచరు మొదటి రోజే మొహాన చెప్పేసింది, మీ పాప ఏమీ తినలేదని. రెండో రోజూ అదే మాట. ఇంత నిజం ఎవరైనా ఊరికే చెబుతారా? గుడ్లు మిగుల్చుకోవడానికి కాదు గదా? తిన్నదన్నా అనుమానమే నాకు, తినలేదన్నా అనుమానమే. ఏం చేయమంటావు?

ఆ తర్వాత ఒకరోజు తిన్నదన్నారు. గిన్నె ఖాళీ చేసిందట. కొట్టారా? బూచోడని భయపెట్టారా? మర్నాడు పాపను వదిలి, వెళ్లినట్టే వెళ్లి, అన్నం వేళకు వెనకవైపు కిటికీ దగ్గర నక్కాను. ఈ వయసులో దొంగలాగా... ఒక మేక నా కొంగు నములుతున్నా కదల్లేదు.

అక్కడ ఆయా ఒకామె ఉంది. భారీ మనిషి, గొంతూ భారీయే. పిల్లలను చుట్టూ కూచోబెట్టుకుని పప్పన్నం కలిపింది. మన పాప దగ్గరికి వచ్చి ముద్ద చేసి ఎత్తి, ఇది అమ్మ ముద్ద, అంది.

నాకు ఒళ్లు మండిపోయింది లావణ్యా. తల్లి లేని బిడ్డ దగ్గర అనాల్సిన మాటేనా అది? నువ్వు పోయిన దగ్గర్నుంచి ఆ మాట ఇంట్లో ఎవరం ఎత్తడం లేదు. నువ్వు పెట్టే వరస ఉంది గదా... అమ్మ ముద్ద, నాన్న ముద్ద, మామ ముద్ద, అవ్వ ముద్ద. పాప బెంగపడుతుందని అందులో నీది తీసేసి, నాన్నతో మొదలుపెడుతున్నాం. లోపలికి పోయి ఆయాను కడిగేద్దామని కొంగు దోపుకున్నాను.

పాప నోరు తెరిచింది.

నీ ముద్ద తిన్నది. నాన్న ముద్ద తిన్నది, మామ ముద్ద తిన్నది... అవ్వ ముద్ద కూడా తిన్నది. ఇన్నాళ్లూ నా మొహంలోకి ఎందుకు చూసిందో అప్పుడు తెలిసింది నాకు. నీ ముద్ద కోసం కాచుకుని ఉందమ్మా నీ బిడ్డ... నేనేమో దాటేస్తూ వచ్చాను. అక్కడే ఇసుకలో కూలబడి ఏడ్చాను.

ఆయా నీ సంగతి తెలిసి అన్నదా? పిల్లలందరికీ అన్నట్టే అన్నదా? అడగలేదు. అడిగితే కిటికీ సంగతి బయటపడుతుంది.

పాప ఇక పాలెం బడికే పోతుంది. అప్పుడప్పుడూ ఆ కిటికీ దాకా వెళ్లొస్తుంటాను. నమ్మకం లేక కాదు... సరే, కొంచెం లేకనే.

ఇంకొక్క మాట. నా ముద్దను ఎప్పుడూ చివర పెట్టేదానివి. కడుపు నిండాక పాప ఉమ్మేయాలనే నన్ను చివరికి నెట్టావని మూతి ముడుచుకునేదాన్ని. "మీ ముద్దతోనే గదత్తా బిడ్డకు కడుపు నిండేది" అన్నావు ఒకసారి. అదీ నమ్మలేదప్పుడు.

ఈ పూట నుంచి మన ఇంట్లోనూ మొదటి ముద్ద నీదే. నాది చివరే ఉండనీ.

నీ అత్త