కాళ్లు లేని షిగెల్లా నడక

మావయ్యా,

నువ్వు పోయాక మూతపడిన నీ కొట్టును ఈ ఉదయం రాజాం బజారులో ఖాళీ చేశారు. కళాసీలు ఇనప్పెట్టెను దుంగల మీద దొర్లిస్తూ వీధిలోకి తెచ్చారు. వెనక మిగిలిన దుంగను తీసి మళ్లీ ముందు వేస్తుంటే, కాలేజీకి ఆలస్యమవుతున్నా నిలబడి చూశాను.

ఈరోజు పాఠం చెప్పడం నాకు మొదటిసారి. "పదిమందిలో నువ్వు నోరిప్పడం సూడాలంటే నానింకో జన్మెత్తాలే" అని ఏడిపించేవాడివి. నువ్వన్నట్టే రాసుకున్న కాగితంలోంచి తలెత్తలేదు. రక్త విరేచనాలు తెప్పించే షిగెల్లా బాక్టీరియా మన కణంలో దూరి తిరుగుతుందని మాత్రం గొణిగాను.

"కాళ్లు లేవు, తోక లేదు, ఎలాగెల్తాది మేడమ్?" అంది వెనక నుంచి ఎవరో.

రాసుకున్నది మరిచిపోయి ఇనప్పెట్టె గురించి చెప్పాను. కణానికి అస్థిపంజరంలాంటి పోగులు ఆక్టిన్ అనే ప్రొటీన్ పూసలతో తయారవుతాయి. ఆ పూసలనే షిగెల్లా తన వెనక పోగులుగా కట్టిస్తుంది. ఇక్కడ తోసే కళాసీలు లేరు, పెరిగే పోగులే దాన్ని ముందుకు తోస్తాయి. పోగుల వెనక కొసన ఊడిన పూసలు ఆ దుంగల్లాగే మళ్లీ పనికొస్తాయి. అలా పక్క కణంలోకీ పోతుంది.

"అయితే సొమ్ము మనది, సోకు దానిదన్నమాట మేడమ్" అంది ముందు బెంచీ అమ్మాయి.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇక గంట కొట్టేదాకా నా గొంతు ఆగలేదు.

ఆ ముందు బెంచీ అమ్మాయి నీ కూతురే. ఇంట్లో నన్ను వదినా అంటుంది.