తొమ్మిదో అట్ట

నవంబర్ 6

ఈ డైరీ బ్యాంకాయన మా పిల్లకిచ్చాడు. అది మొదటి పేజీలో పేరు రాసుకుంది. మిగతాదంతా ఖాళీ. నేను చదివింది ఐదో తరగతి. ఎవరికి రాస్తున్నానంటే ఎవరికీ కాదు.

పిల్ల పోయి నలభై మూడు రోజులు. ఆరు రోజుల జ్వరం. అంతే. ఇరవై ఏళ్లు పెంచాను, ఆరు రోజులు చాలాయి.

ఇవాళ మా ఇస్త్రీ దుకాణంలోకి వెళ్లాను. మా ఆయన ఒక్కడే ఎన్నాళ్లని నిలబడతాడు. చొక్కాలు నేను, ప్యాంట్లు ఆయన. దుప్పట్లు మాత్రం నా వల్ల కాదన్నాను. ఎందుకని అడగలేదు. ఆయనకి తెలుసు.

చేతులు వాటంతటవే పని చేశాయి. బుర్ర అక్కర్లేదు. బాగానే ఉందే అనుకున్నాను.

నవంబర్ 7

బాగానే ఉందట! నా చేతులు పడిపోను!

మడత చెదరకూడదని మేం చొక్కా లోపల అట్ట పెడతాం. అట్టలు ఇస్త్రీ బల్ల కింద ఎడంవైపు ఉంటాయి. పిల్ల చదువుకునేదీ ఆ బల్ల కిందే, వెచ్చగా ఉంటుందని. ఉద్యోగం పరీక్ష కోసం ఇంగ్లీషు మాటలన్నీ చొక్కా అట్టల మీదే రాసుకునేది. పైన మాట, దాని పక్కన పలికే తీరు తెలుగులో, కింద సొంతంగా ఒక వాక్యం. ఒకే అర్థం వచ్చేవన్నీ ఒక కట్ట.

ఇవాళ బల్ల కింద ఊడిపోయిన దారం, చీటీ కనిపించాయి. చీటీ మీద దాని రాత. సంపాదించడం, పెరగడం, లాభం. తొమ్మిది మాటలు. కింద ఇంగ్లీషులో ఏవో.

నిన్న చెయ్యి చాపి, తగిలినవి తగిలినట్టు చొక్కాల్లో పెట్టేశాను. తొమ్మిదీ జనం ఇళ్లకు పోయాయి.

ఆయనకి చెప్పలేదు.

నవంబర్ 8

చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. ఇస్త్రీ పెట్టె నిలబెట్టి, సరేలే, ఏ చొక్కాలు చేశావో గుర్తుందా అన్నాడు. నాకు కస్టమర్ల పేర్లు తెలియవు గానీ చొక్కా చూస్తే ఇల్లు చెప్తాను. నీలం గీతలు రెండు, బ్యాంకాయనవి. నర్సమ్మ తెల్ల కోట్లు రెండు. మేష్టారి ఖద్దరువి మూడు. పెట్టె పట్టుకుని ఊళ్లు తిరిగే మందుల కంపెనీ ఆయనది లేత పసుపు, ఒకటి. తొమ్మిదోది ఎవరిదో గుర్తు రావడం లేదు.

నవంబర్ 8, సాయంత్రం

తొమ్మిదోది మా ఆయనదే. గూట్లో ఉంది! మా చొక్కాకి నేనెప్పుడు అట్ట పెట్టానని. ఎంత సోయి లేకుండా చేశానో.

ఆ అట్ట మీద ఇంక్రీజ్. కింద ఇలా ఉంది. నాన్న ఏటా రేటు ఇంక్రీజ్ చేస్తానంటాడు, కస్టమర్ నవ్వగానే మర్చిపోతాడు.

ఆయనకి చదువు రాదు. చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నాడు. మళ్లీ చదివాను. గాడిద, బాగానే కనిపెట్టింది అని, ప్లగ్గు బాగు చేసుకోవాలంటూ అటు తిరిగాడు. ప్లగ్గు బాగానే ఉంది.

నవంబర్ 9

బ్యాంకాయన తలుపు తీసి, అట్టముక్క కోసం నాలుగంతస్తులు ఎక్కొచ్చావా తల్లీ అని నవ్వాడు. ఎందుకో చెప్పాక నవ్వలేదు. రెండు చొక్కాలూ తనే విప్పి అట్టలు తీసిచ్చాడు. మడతలు పోయాయి కదా, మళ్లీ చేసి తెస్తానన్నాను. ఈసారికి ముడతల్తోనే పోతాలే, మేనేజరు ఏమంటాడో చూద్దాం అన్నాడు.

గెయిన్. అమ్మ తినడం మానేసి కూడా వెయిట్ గెయిన్ అవుతుంది, నేను తిని కూడా అవ్వను.

ఒబ్టెయిన్. అమ్మ దగ్గర సినిమాకి పర్మిషన్ ఒబ్టెయిన్ చెయ్యడం కన్నా గవర్నమెంటు ఉద్యోగం తేలిక.

మెట్ల మీదే కూర్చుని చదివాను. నవ్వొచ్చింది. నవ్వు ఎక్కడ ఆగి ఏడుపు ఎక్కడ మొదలైందో తెలీదు. పైనుంచి దిగుతున్న ఎవరో పక్కనుంచి మెల్లిగా వెళ్లిపోయారు.

నవంబర్ 11

నర్సమ్మ దగ్గర కోపమొచ్చింది. అట్ట మీద ఖాళీ చోట డ్యూటీ టైములు రాసుకుంది, అద్దానికి అంటించుకుంది. నా బిడ్డ రాత మీద నువ్వెట్లా రాస్తావని అరిచాను. ఆవిడ తప్పేముంది, అట్ట అట్టే కదా ఆవిడకి. టైములు అరచేతి మీద ఎక్కించుకుని, రెండు అట్టలూ ఇచ్చింది. తలుపు దాకా వచ్చి, రోజూ డ్యూటీకెళ్లే ముందు ఆ లైను చదువుకునేదాన్ని అత్తా అంది.

ఎర్న్. అమ్మ చేతి మీద ఐదు కాలిన మచ్చలు, అన్నీ ఎర్న్ చేసుకున్నవే.

లెక్క చూసుకున్నాను. ఆరు. ఆరోది అది చూడలేదు.

నవంబర్ 12

నర్సమ్మ కోట్లు డబ్బు తీసుకోకుండా చేసిచ్చాను. క్షమించమని నోటితో అనలేకపోయాను. ఆవిడకి అర్థమైందనుకుంటా.

నవంబర్ 14

మేష్టారు మూడూ టేబుల్ మీద వరసగా పెట్టుకుని ఉన్నారు. ఒకదాని మీద ఎర్ర సిరా! ఇంగ్లీషు మాటలో ఒక అక్షరం తప్పిందట, దిద్దారట. సంగతి చెప్పాను. చెడ్డ అలవాటమ్మా, పెళ్లి శుభలేఖ ఇచ్చినా దిద్దుతాను, గీకేస్తానుండు అని బ్లేడు వెతికారు. వద్దన్నాను. అదుంటే థాంక్యూ సార్ అనేది.

చీటీ చూపించాను. దాని మీది ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటీ చదువుతుంటే నేను అట్టలు లెక్కపెట్టాను. ఎనిమిది ఉన్నాయి. లేనిది ప్రాఫిట్. అంటే ఏంటండీ అన్నాను. లాభం అన్నారు.

కాసేపు కుర్చీలో కూర్చోమన్నారు. నా మొహం అలా ఉందేమో.

నవంబర్ 15

నిన్న రాయలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

జ్వరం రాకముందు రోజు. దుకాణం నిండా మూటలు. ఆయన ఊళ్లో లేడు. అది బల్ల కింద అట్టలు ముందేసుకుని కూర్చుంది. నేనన్నాను, ఆ మాటలు బట్టీ పడితే ఏం లాభమే, కడుపు నిండుతుందా, లేచి ఓ చెయ్యి వెయ్యి అని. అది నావైపు చూసింది. ఉండు చెప్తా ఏం లాభమో అని, ఒక కొత్త అట్ట తీసి గబగబా ఏదో రాసింది. రాసి నవ్వుకుంది. నేను చూపించమనలేదు. నాకు పనుంది.

మర్నాటికి ఒళ్లు కాలిపోతోంది.

అది రాసింది ఆ అట్టే. ఇంకేదీ కాదు. నా గురించి ఏం రాసిందో అది.

నవంబర్ 16

మందుల కంపెనీ ఆయన భార్య దగ్గరికి వెళ్లాను. ఆయన ఊళ్లు తిరిగి రావడానికి రెండు వారాలు పడుతుందట. ఫోన్ చేస్తే ఎత్తలేదు. లాడ్జిలో చొక్కా విప్పగానే అట్ట బుట్టలో పడేస్తాడమ్మా, ఇంట్లోనూ అంతే, ఆశ పెట్టుకోకు అంది. మంచి మనిషి. అబద్ధం చెప్పడం చేతకాదు.

నవంబర్ 17

బుట్టలో పడితేనే మంచిదేమో. ఏం రాసిందో చూసి నేను బతకగలనా.

నవంబర్ 20

ఆయనతో చెప్పాను, నేనన్న మాట. ఇన్నాళ్లూ చెప్పలేదు. విని, ఆ మాట నేను రోజుకి పదిసార్లు అనేవాణ్ణే, నీ ఒక్కదానిదే ఎట్లా అవుతుందే అన్నాడు. నన్ను ఓదార్చడానికి అన్నాడు. ఆయన దాన్ని ఒక్కనాడూ ఒక్క మాట అనలేదు.

నవంబర్ 24

చొక్కాలు నలభై. అట్టలు పెట్టేముందు ప్రతిదీ తిప్పి చూస్తున్నాను.

నవంబర్ 30

మందుల కంపెనీ ఆయన వచ్చాడు. పెట్టె కూడా ఇంట్లో పెట్టకుండా నేరుగా దుకాణానికి వచ్చాడు. భార్య ఫోన్‌లో చెప్పిందట. పడేద్దామనే తీశానమ్మా, చదివితే నవ్వొచ్చింది, పెట్టె అడుగున దాచాను, మా ఆవిడకి చూపిద్దామని అన్నాడు. అట్ట మీద టీ గ్లాసు మరక పడిందని మూడుసార్లు సారీ చెప్పాడు.

చేతికి తీసుకున్నాను. చదవలేదు. మా ఆయన్ని కూర్చోబెట్టాను. పైకే చదివాను, ఆయనా వినాలి కదా.

ప్రాఫిట్. అమ్మ ఇస్త్రీ చేసిన దుప్పటి చల్లారకముందే కప్పుకుంటే, అది నాకు ప్రాఫిట్. కస్టమర్‌కి నష్టం లేదు.

అంతే ఉంది. తిరగేసి చూశాను. వెనక ఏం లేదు.

చిన్నప్పటినుంచీ అంతే అది. దుప్పటి మడత పెట్టేలోపు లాక్కుని తల మీదుగా కప్పుకుని బల్ల కింద దూరేది. కాలేజీకి వెళ్తూ కూడా మానలేదు. ఊరి వాళ్ల దుప్పటే, మాసిపోతుందే, బయటికి రావే దొంగముండా అని నేను. ఒక్క నిమిషమే అమ్మా అని లోపల్నుంచి అది. నేను ఏం లాభమని అరిచినప్పుడు దానికి గుర్తొచ్చింది అదీ.

ఆయన అట్ట తీసుకుని, చదవడం రాకపోయినా చాలాసేపు చూశాడు. ఇంకా చాలా మూటలున్నాయి పద అన్నాడు. ఇద్దరమూ లేవలేదు.

డిసెంబర్ 2, పొద్దున్న ఆరు

చలి. దుకాణం నేనే తీశాను. దుప్పటి ఇస్త్రీ చేశాను, ఎవరిదో. చల్లారకముందే కప్పుకుని బల్ల కింద కూర్చున్నాను. ఒక్క నిమిషమే.

కస్టమర్‌కి నష్టం లేదు.