ఎవరూ చావని ఆట

విరుదునగరం మామకు, కోవిల్‌పట్టి నుంచి మీ అక్క కొడుకు ఒళ్లు మండి రాస్తున్నాడు.

మీ లినక్స్ కంప్యూటర్లో పాత వీడియో ఆటలు ఆడించే ఎమ్యులేటర్ పెట్టింది నేను. "నా బొమ్మ చావకుండా చెయ్యిరా" అంటే చీట్ కోడ్ వేసిందీ నేనే. అది వేయించుకున్నాక "గుద్దులాటలో నన్ను గెలువు, పిల్లనిస్తా" అన్నారే, ఇది న్యాయమా? అందుకే నా బొమ్మకూ అదే కోడ్ వేసుకున్నాను. ఆటలో టైము అయిపోతే ఆపేసే గడియారాన్ని మీరు ముందే ఆపించారు. ఇక ముగిసేదెట్లా? ఆదివారమంతా గుద్దుకుంటూనే ఉన్నాం.

చివరికి మీ కూతురు శివరంజని వచ్చి, "మీరిద్దురూ చావరు, నాకు పెండ్లీ కాదు" అని కరెంటు వైరు పీకేసింది. ఆట ముగించింది ఆమే కాబట్టి గెలిచిందీ ఆమే. ఆ వైరును నా సంచిలో పెట్టి నన్ను బస్సెక్కించింది.

ముహూర్తం పెట్టండి, వైరు తీసుకొస్తాను.